ఇంట్లో వాడే బ్యాటరీలు: ఏ వస్తువుకు ఏ సెల్? తరచుగా అడిగే ప్రశ్నలు

బొమ్మ కారు నెమ్మదించినా, బీపీ మెషీన్ మధ్యలో ఆగిపోయినా, టార్చిలైట్ మసకబారినా మన అనుమానం ముందు ఆ వస్తువు మీదికే పోతుంది. చాలాసార్లు తప్పు అందులో వేసిన సెల్‌ది. సెల్ చెడ్డది కాకపోవచ్చు, ఆ వస్తువుకు సరిపడనిది అయి ఉండవచ్చు. సైజు సరిపోతే చాలనుకుని ఏదో ఒకటి వేసేయడం వల్ల డబ్బు వృథా అవుతుంది, ఒక్కోసారి మంచి వస్తువే పాడైపోతుంది. అందుకే ఈ ప్రశ్నలకు కాస్త వివరంగా జవాబులు రాశాను.

సైజు ఒకటే అయినప్పుడు సెల్స్ ధరల్లో అంత తేడా ఎందుకు?

సైజు అనేది డబ్బా కొలత మాత్రమే. డబుల్ ఏ సెల్ ఏ రకమైనా సుమారు 14.5 మిల్లీమీటర్ల మందం, 50.5 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. లోపలి రసాయనాలు మాత్రం వేరు వేరు.

అన్నిటికన్నా పాతది, చవకైనది జింక్ కార్బన్ సెల్. 1866లో ఫ్రాన్స్‌కు చెందిన జార్జ్ లెక్లాంషే తయారు చేసిన సెల్ దీనికి మూలం. దీనిలో జింక్ డబ్బానే నెగెటివ్ వైపు పనిచేస్తుంది. అంటే వాడేకొద్దీ సెల్ తన గోడలనే తింటూ పోతుంది. తర్వాతది ఆల్కలైన్. కెనడాలో పుట్టిన లూయిస్ అర్రీ అనే ఇంజనీరు 1950లలో దీన్ని మార్కెట్‌కు పనికొచ్చే రూపంలోకి తెచ్చాడు. ఇందులో జింక్ పొడి రూపంలో ఉంటుంది, పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం ఉంటుంది. పొడి కావడంతో రసాయన చర్యకు దొరికే ఉపరితలం బాగా పెరుగుతుంది, కాబట్టి ఎక్కువ కరెంట్ ఇవ్వగలదు.

మూడోది ఒకసారి వాడి పారేసే లిథియం సెల్. ఇది 1.5 వోల్టుల రకం, ఫోన్లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీ కాదు. చేతిలోకి తీసుకుంటేనే తేడా తెలుస్తుంది. ఆల్కలైన్ డబుల్ ఏ సుమారు 23 గ్రాములు ఉంటే ఇది 15 గ్రాములే. నాలుగోది మళ్లీ మళ్లీ ఛార్జ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్. మనం రీఛార్జబుల్ సెల్స్ అని కొనేవాటిలో ఎక్కువ భాగం ఇవే.

ప్యాకెట్ మీద "హెవీ డ్యూటీ" అని ఉంది. గట్టి సెల్ అనే కదా?

కాదు. ఈ మాట దాదాపు ఎప్పుడూ జింక్ క్లోరైడ్ రకం మీదే కనిపిస్తుంది. అది జింక్ కార్బన్ కుటుంబానిదే. పాత జింక్ కార్బన్‌తో పోలిస్తే మెరుగే గానీ ఆల్కలైన్ ముందు నిలబడదు. ఈ పేరు చూసి బొమ్మలకు, బీపీ మెషీన్లకు కొనేవాళ్లు చాలామంది ఉన్నారు, అవి తొందరగా అయిపోతే మెషీన్‌ను అనుమానిస్తారు. ముందు వైపున్న పెద్ద అక్షరాలు వదిలేసి వెనక ఉన్న చిన్న కోడ్ చూడండి.

ఆ కోడ్ ఎలా చదవాలి?

డబుల్ ఏ సైజుకు అంతర్జాతీయ కోడ్ ఆర్6, ట్రిపుల్ ఏకి ఆర్03. ముందు ఇంకే అక్షరమూ లేకుండా ఆర్6 అని మాత్రమే ఉంటే అది జింక్ కార్బన్. ఎల్‌ఆర్6 అంటే ఆల్కలైన్, ఎఫ్‌ఆర్6 అంటే పారేసే లిథియం, హెచ్‌ఆర్6 అంటే నికెల్ మెటల్ హైడ్రైడ్. ఆ ముందు అక్షరం ఒక్కటి గుర్తుంచుకుంటే ప్యాకెట్ మీది ప్రకటనలేవీ మిమ్మల్ని తికమక పెట్టలేవు.

డబుల్ ఏ, ట్రిపుల్ ఏ రెండూ 1.5 వోల్టులే. మరి ఏమిటి తేడా?

వోల్టేజ్‌ను నిర్ణయించేది లోపలి రసాయనం. సైజు నిర్ణయించేది ఆ రసాయనం ఎంత పడుతుందో. నెమ్మదిగా వాడితే ఆల్కలైన్ డబుల్ ఏ సుమారు 2,000 నుంచి 3,000 మిల్లీ ఆంపియర్ అవర్స్ (సెల్ మొత్తం ఎంత కరెంట్‌ను ఎంతసేపు ఇవ్వగలదో చెప్పే కొలత) ఇస్తుంది, ట్రిపుల్ ఏ దానిలో సగానికన్నా తక్కువే. ఒకే పనికి రెండు రకాల వస్తువులు దొరుకుతుంటే, డబుల్ ఏ వేసుకునేది కొనుక్కోవడం దీర్ఘకాలంలో లాభం.

రీఛార్జబుల్ సెల్ మీద 1.2 వోల్టులు అని ఉంది. 1.5 అడిగే వస్తువు దీనితో నడుస్తుందా?

ఎక్కువ వస్తువులు హాయిగా నడుస్తాయి. దీని గురించి జనంలో ఉన్నంత టెన్షన్ అవసరం లేదు.

ఆల్కలైన్ సెల్ మీద 1.5 అని రాసి ఉన్నా అది 1.5 దగ్గర ఉండేది మొదట్లో కాసేపే. వాడుతున్నకొద్దీ 1.4, 1.3, 1.2 అంటూ దిగుతూ పోతుంది, 0.9 దగ్గరికి వచ్చేసరికి అయిపోయినట్టు లెక్క. దాని జీవితంలో పెద్ద భాగం 1.3కి అటూ ఇటూగానే గడుస్తుంది. కాబట్టి ఆల్కలైన్‌ను పూర్తిగా వాడుకునేలా తయారైన ఏ వస్తువైనా 1.2 దగ్గర పనిచేసి తీరాలి. రీఛార్జబుల్ నికెల్ సెల్ మాత్రం దాదాపు చివరిదాకా 1.2 దగ్గరే నిలకడగా ఉండి, ఒక్కసారిగా పడిపోతుంది. ఎక్కువ కరెంట్ లాగే వస్తువులో అయితే కొంతసేపటికి నికెల్ సెల్ వోల్టేజే ఆల్కలైన్‌ కన్నా పైన ఉంటుంది.

ఇబ్బంది రెండు చోట్ల వస్తుంది. మొదటిది బ్యాటరీ గుర్తు. ఆల్కలైన్ వోల్టేజ్‌ని బట్టి లెక్క కట్టే వస్తువు, నిండుగా ఛార్జ్ అయిన నికెల్ సెల్ వేసినా సగమే ఉందని చూపిస్తుంది. చివర్లో హెచ్చరిక ఇవ్వకుండానే ఆగిపోతుంది. రెండోది, సర్క్యూట్ సరిగా లేని కొన్ని వస్తువులు. రెండు సెల్స్ వేసే పరికరం 2.4 వోల్టుల దగ్గరే ఆగిపోతుంటే దానికి రీఛార్జబుల్ పనికిరాదు. అలాంటి పరికరం ఆల్కలైన్ సెల్స్‌లో కూడా చాలా శక్తి మిగిలి ఉండగానే పారేయిస్తుంది, ఆ సంగతి మనకు తెలియదంతే.

కెమెరాలోనో బొమ్మలోనో అయిపోయిన సెల్ గోడ గడియారంలో నెలల తరబడి నడుస్తోంది. ఎలా?

ఈ ఒక్క ప్రశ్న అర్థమైతే బ్యాటరీల సంగతి సగం అర్థమైనట్టే.

ప్రతి సెల్‌కూ లోపల కొంత నిరోధకత, అంటే కరెంట్‌ను అడ్డుకునే గుణం, ఉంటుంది. కరెంట్ లాగినప్పుడు వోల్టేజ్‌లో కొంత భాగం ఆ నిరోధకత దగ్గరే ఖర్చవుతుంది. సన్నని గొట్టం బిగించిన నీళ్ల ట్యాంకును ఊహించుకోండి. ట్యాంకులో నీళ్లున్నా గొట్టం సన్నగా ఉంటే ధార గట్టిగా రాదు. కొత్త ఆల్కలైన్ సెల్ నిరోధకత 0.2 ఓమ్ అనుకుందాం. కెమెరా ఫ్లాష్ 1 ఆంపియర్ లాగితే ఒక్కో సెల్ దగ్గర 0.2 వోల్టులు పోతాయి, నాలుగు సెల్స్ కలిపి 0.8. సెల్ వాడేకొద్దీ ఆ నిరోధకత పెరుగుతుంది, అప్పుడు నష్టం ఇంకా ఎక్కువ. కెమెరాకు కావలసినంత వోల్టేజ్ అందక అది ఆగిపోతుంది. గడియారం లాగేది దానితో పోలిస్తే లెక్కలోకి రానంత తక్కువ, కాబట్టి దానికి నిరోధకత ఒక సమస్యే కాదు.

జింక్ కార్బన్‌లో ఈ నిరోధకత ఎక్కువ. అందుకే అది మోటారు బొమ్మల్లో అంత తొందరగా చతికిలబడుతుంది. నికెల్ మెటల్ హైడ్రైడ్‌లో ఇది చాలా తక్కువ, ఓమ్‌లో కొన్ని వందో వంతులు మాత్రమే. ఒకే 2,000 మిల్లీ ఆంపియర్ అవర్స్ అని రాసి ఉన్నా, ఎక్కువ కరెంట్ లాగే చోట ఆల్కలైన్ అందులో సగం కూడా ఇవ్వకపోవచ్చు, నికెల్ సెల్ మాత్రం దాదాపు మొత్తం ఇస్తుంది.

కాబట్టి బొమ్మలోంచి తీసిన ఆల్కలైన్ సెల్స్ వెంటనే పారేయకండి, గడియారానికో రిమోట్‌కో వేయండి. కానీ అప్పుడప్పుడు మూత తీసి చూస్తూ ఉండాలి. సగం వాడిన సెల్ ఏళ్ల తరబడి కూర్చుంటే కారే ప్రమాదం ఉంది.

అయితే ఏ వస్తువుకు ఏది వేయాలి?

గోడ గడియారానికి మామూలు జింక్ కార్బన్ సెల్ చాలు. ఖరీదైనది వేస్తే గడియారం ఏమీ మెరుగ్గా నడవదు. సెల్ నీరసించిందని దానికదే చెబుతుంది. సెకన్ల ముల్లు పైకి ఎక్కలేక, తరచుగా 9 అంకె దగ్గర, ఉన్నచోటే కొట్టుకుంటూ ఉంటుంది.

రిమోట్, వైర్‌లెస్ మౌస్, కీబోర్డ్ లాంటివాటికి ఆల్కలైన్ పనికొస్తుంది. మౌస్ రోజంతా వాడేవాళ్లు నికెల్ సెల్స్‌కి మారితే ఖర్చు తగ్గుతుంది. మోటారు బొమ్మలు, కెమెరా ఫ్లాష్, గేమ్ కంట్రోలర్, వారానికోసారి సెల్స్ మింగేసే ఏ వస్తువైనా సరే, దానికి నికెల్ మెటల్ హైడ్రైడే సరైనది.

బీపీ మెషీన్ విషయంలో ఒక మాట నొక్కి చెప్పాలి. పట్టీలోకి గాలి కొట్టే చిన్న పంపు ఎక్కువ కరెంటే లాగుతుంది. నీరసించిన సెల్స్ ఉంటే పంపు ఇబ్బంది పడుతుంది, ఎర్రర్ చూపిస్తుంది, కొలత మధ్యలో ఆగిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్ల ఆరోగ్యం దాని మీద ఆధారపడి ఉంటే జింక్ కార్బన్ వేయకండి. మంచి ఆల్కలైన్ వేసి, బ్యాటరీ గుర్తు కనపడగానే మార్చేయండి.

అరుదుగా వాడినా అవసరం వచ్చినప్పుడు తప్పక వెలగాల్సిన టార్చిలైట్‌కు, బాగా చలిలో వాడే వస్తువులకు పారేసే లిథియం సెల్ మంచిది. ఆల్కలైన్‌లో ఉండేది నీళ్లలో కలిసిన క్షారం, చలికి అది మందగిస్తుంది. లిథియం సెల్ లోపల నీళ్లు ఉండవు, సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా పనిచేసేలా దాన్ని తయారు చేస్తారు. పైగా కారడం చాలా అరుదు. ఒక్క జాగ్రత్త, కొత్త లిథియం సెల్ ఏ వస్తువునూ నడపనప్పుడు దాదాపు 1.8 వోల్టులు చూపిస్తుంది. వద్దని తయారీదారు స్పష్టంగా రాసిన పరికరాల్లో వేయకండి.

పొగ హెచ్చరిక అలారంలో మాత్రం సొంత ప్రయోగాలు వద్దు. దాని మీద ఏ రకం రాశారో అదే వేయాలి. రీఛార్జబుల్ అసలు వేయకూడదు. వాటి వోల్టేజ్ చివర్లో ఉన్నట్టుండి పడిపోతుంది కాబట్టి, అలారం హెచ్చరించేందుకు వ్యవధి ఉండదు.

యూఎస్‌బీ కేబుల్‌తో ఛార్జ్ అయ్యే 1.5 వోల్టుల సెల్స్ ఎలా ఉంటాయి?

వాటి లోపల ఉండేది 3.7 వోల్టుల లిథియం అయాన్ సెల్, దానితోపాటు వోల్టేజ్‌ను 1.5కి తగ్గించే చిన్న సర్క్యూట్. చివరిదాకా 1.5 ఇవ్వడం వాటి బలం. 1.2 చాలని పరికరాలకు ఇవే దారి. కానీ అయిపోయేటప్పుడు చెప్పాపెట్టకుండా ఆగిపోతాయి. కొన్నిటి సర్క్యూట్ వల్ల రేడియోలో గరగర వినిపిస్తుంది.

వీటి మీద అంకెలు చూసి మోసపోవద్దు. 3,000 అని పెద్దగా రాసి ఉంటుంది, పక్కన చూస్తే అది మిల్లీ వాట్ అవర్స్, అంటే వోల్టేజ్‌ను కూడా కలిపి లెక్కగట్టిన శక్తి. దాన్ని 1.5తో భాగిస్తే 2,000 మిల్లీ ఆంపియర్ అవర్స్ వస్తాయి. మామూలు 2,000 నికెల్ సెల్‌ను అదే కొలతలోకి మారిస్తే, 1.2తో గుణించగా 2,400 మిల్లీ వాట్ అవర్స్. తేడా ఉంది గానీ కంటికి కనిపించినంత లేదు.

అచ్చం డబుల్ ఏ సైజులోనే ఉండి, ఏ సర్క్యూటూ లేని 14500 అనే లిథియం అయాన్ సెల్ ఒకటుంది. నిండా ఛార్జ్ చేస్తే 4.2 వోల్టులు. దాన్ని 1.5 వోల్టుల వస్తువులో వేస్తే వస్తువు కాలిపోవచ్చు. సైజు సరిపోయిందని వేసేయకూడదు అనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

కొత్త సెల్, పాత సెల్ కలిపి వేస్తే ఏమవుతుంది?

వరుసగా కలిపిన సెల్స్ అన్నిటిలోంచీ ఒకే కరెంట్ పోతుంది. పాతది ముందు ఖాళీ అవుతుంది. కొత్త సెల్ మాత్రం కరెంట్‌ను నెడుతూనే ఉంటుంది, అది ఖాళీ అయిన సెల్‌లోంచి పోతూ దాన్ని తిరగబడేలా చేస్తుంది. అంటే పాజిటివ్, నెగెటివ్ తారుమారవుతాయి. లోపల గ్యాస్ పుడుతుంది, సెల్ ఉబ్బి కారుతుంది. నికెల్ సెల్ అయితే శాశ్వతంగా దెబ్బతింటుంది. వేరు వేరు రకాలు, వేరు వేరు కంపెనీల సెల్స్ కలిపినా ఇదే పరిస్థితి. మార్చినప్పుడు అన్నీ ఒకేసారి మార్చండి. రీఛార్జబుల్ సెల్స్‌ను జతలుగా గుర్తు పెట్టుకుని, ఎప్పుడూ అదే జతగా వాడండి.

సెల్ కారి తెల్లటి పొడి పేరుకుంది. వస్తువు పోయినట్టేనా?

చాలాసార్లు బతుకుతుంది, తొందరగా చూస్తే.

ఆల్కలైన్ సెల్‌లో, ముఖ్యంగా ఖాళీ అయ్యాక, మెల్లగా హైడ్రోజన్ గ్యాస్ పుడుతుంది. ఒత్తిడి పెరిగి సీలు తెగితే పొటాషియం హైడ్రాక్సైడ్ బయటికొస్తుంది. అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పొటాషియం కార్బొనేట్‌గా మారుతుంది. మనకు కనిపించే తెల్ల పొడి అదే. జింక్ కార్బన్‌లో దారి వేరు, జింక్ గోడ తినుకుపోయి చిల్లు పడి లోపలి పదార్థం బయటపడుతుంది.

ముందు చేతులకు గ్లవ్స్ వేసుకోండి. ఆ క్షారం చర్మాన్ని, మరీ ముఖ్యంగా కళ్లను గాయపరుస్తుంది. సెల్స్ తీసేసి, పొడిని ఊదకుండా తుడిచేయండి. దూది పుల్లను వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో కొద్దిగా ముంచి లోహపు స్ప్రింగుల మీద అద్దితే క్షారం విరిగిపోతుంది, చిన్న చిన్న బుడగలు వస్తాయి. తర్వాత శుభ్రమైన నీళ్లతో తడిపిన దూదితో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. జింక్ కార్బన్ సెల్ కారినది ఆమ్ల స్వభావం కలది, దానికి వెనిగర్ బదులు తడిపిన వంట సోడా వాడాలి. స్ప్రింగు మీద ఇంకా మచ్చలుంటే సన్నని గరుకు కాగితంతో రుద్దండి.

రాకుండా చూసుకోవడం ఇంతకన్నా సులువు. నెలల తరబడి వాడని వస్తువుల్లోంచి సెల్స్ తీసేయండి. ఏడాదికోసారి పండక్కి బయటికొచ్చే లైట్లు, బీరువాలో పడి ఉన్న బొమ్మలు, పాత కెమెరా, ఇవే ఎక్కువగా పాడయ్యేవి. వాటి మీద మీకున్న ఇష్టాన్ని బట్టి అయినా ఈ ఒక్క పని చేయండి.

సెల్స్ వేలితో తిప్పితే రిమోట్ మళ్లీ పనిచేస్తుంది. ఎండలో పెడితే కూడా. ఛార్జ్ అవుతున్నాయా?

ఒక్క చుక్క శక్తి కూడా లోపలికి చేరదు. తిప్పినప్పుడు స్ప్రింగు, సెల్ కలిసే చోట పట్టిన పొర రాసుకుని పోతుంది, కరెంట్ పారుతుంది. కాసేపు ఊరుకున్న సెల్ తనంతట తాను కొంచెం కోలుకుంటుంది కూడా. ఎండలో పెడితే వేడికి లోపలి చర్య చురుకై నిరోధకత తగ్గుతుంది, అందుకే కొద్దిసేపు పనిచేస్తుంది. కానీ ఆ వేడికే లోపల గ్యాస్ పెరిగి కారే అవకాశం ఎక్కువవుతుంది. ఎండలో పెట్టడం మానేయండి.

రిమోట్ తప్పా సెల్స్ తప్పా అని తేలాలంటే రిమోట్ ముందు భాగాన్ని ఫోన్ సెల్ఫీ కెమెరాకు చూపించి బటన్ నొక్కండి. కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు ఎక్కువ ఫోన్లలో ఊదారంగులో మినుకుమంటుంది.

ఫ్రిజ్‌లో పెడితే ఎక్కువ కాలం ఉంటాయా?

అక్కర్లేదు. ఆల్కలైన్ మామూలు గది వాతావరణంలోనే ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీయగానే పట్టే చెమ్మ మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. ఎండ తగలని పొడి చోటు చాలు.

సెల్‌లో ఇంకా ఎంత మిగిలిందో ఇంట్లో తెలుసుకోవచ్చా?

ఆల్కలైన్ అయితే వోల్టేజ్ కొలిచే చిన్న మల్టీమీటర్‌తో మోటుగా చెప్పొచ్చు. 1.5 పైన ఉంటే కొత్తది, 1.3 దగ్గర ఉంటే సగం, 1.1 అంటే దాదాపు అయిపోయింది. నికెల్ సెల్‌కు ఈ పద్ధతి పనికిరాదు, ఎందుకంటే నిండుగా ఉన్నప్పటికీ కొంచెమే ఉన్నప్పటికీ మధ్య వోల్టేజ్ తేడా చాలా తక్కువ.

సెల్‌ను బల్ల మీద నిలువుగా వదిలి ఎగిరితే అయిపోయినట్టు అనే చిట్కా మీరు వినే ఉంటారు. దాంట్లో నిజం కొంత ఉంది. కొత్త ఆల్కలైన్‌లో జింక్ జిగురులా ఉండి దెబ్బను పీల్చుకుంటుంది, వాడేకొద్దీ జింక్ ఆక్సైడ్‌గా గట్టిపడుతుంది. కానీ ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో చూపించిందేమిటంటే, సగం వాడేసరికే ఎగరడం గరిష్ఠ స్థాయికి చేరుతుంది. కాబట్టి ఎగిరితే కొత్తది కాదని మాత్రమే అర్థం.

మామూలు ఆల్కలైన్‌ను ఛార్జర్‌లో పెట్టొచ్చా?

వద్దు. అందులో జరిగే చర్య వెనక్కి సరిగా తిరగదు, గ్యాస్ పుట్టి కారడమో సీలు పేలడమో జరుగుతుంది.

రీఛార్జబుల్ సెల్స్‌కు ఎలాంటి ఛార్జర్ కొనాలి? పూర్తిగా అయిపోయాకే ఛార్జ్ చేయాలా?

ఒక్కో సెల్‌ను విడిగా చూసుకుని, నిండగానే తనంతట తాను ఆపేసే ఛార్జర్ కొనండి. సెల్ నిండినప్పుడు దాని వోల్టేజ్ కొద్దిగా పడుతుంది, మంచి ఛార్జర్ ఆ చిన్న మార్పును పసిగడుతుంది. చవక రకాలు జతగా మాత్రమే ఛార్జ్ చేస్తాయి, లేదా గంటలు లెక్కపెట్టి ఆపుతాయి. సెల్స్ త్వరగా పాడవడానికి ముఖ్య కారణం ఈ ఛార్జర్లే. సెల్స్ మీద పెట్టే డబ్బులో కొంత తగ్గించుకుని అయినా ఛార్జర్ మంచిది తీసుకోమంటాను.

పూర్తిగా ఖాళీ చేయాలన్న నియమం నికెల్ కాడ్మియం అనే పాత రకం రీఛార్జబుల్ సెల్స్ రోజులది. ఇప్పటి సెల్స్‌ను మధ్యలో ఎప్పుడైనా ఛార్జ్ చేయొచ్చు, మరీ అడుగంటా వాడటమే చెరుపు.

పాత నికెల్ సెల్స్ ఊరికే ఉన్నా నెలకు ఐదో వంతు వరకు ఛార్జ్ పోగొట్టుకునేవి. 2005లో సాన్యో కంపెనీ ఎనెలూప్ పేరుతో నెమ్మదిగా మాత్రమే తగ్గే రకం తెచ్చింది. ప్యాకెట్ మీద ముందే ఛార్జ్ చేసినవని రాసి ఉంటే సాధారణంగా ఆ రకమే. అంకె మరీ పెద్దదిగా ఉన్నవాటి కన్నా 2,000 మిల్లీ ఆంపియర్ అవర్స్ దగ్గర ఉన్నవి ఎక్కువసార్లు ఛార్జింగ్‌ను తట్టుకుంటాయి.

చదరపు 9 వోల్టుల బ్యాటరీ ప్రత్యేకత ఏమిటి?

లోపల 1.5 వోల్టుల చిన్న సెల్స్ ఆరు ఉంటాయి. ఆల్కలైన్‌లో సామర్థ్యం 500 మిల్లీ ఆంపియర్ అవర్స్ చుట్టుపక్కలే. రెండు కొనలూ ఒకే వైపు ఉండటం దీని ప్రమాదం. డ్రాయర్‌లో తాళంచెవులు, స్టీలు పీచు తగిలితే నిప్పు పుట్టొచ్చు. విడిగా దాచినా, పారేసినా కొనల మీద టేపు అంటించండి.

బటన్ సెల్స్‌లో ఎల్‌ఆర్44, ఎస్‌ఆర్44 ఒకటే కదా? సీఆర్2032 బదులు 2025 వేయొచ్చా?

ఎల్‌ఆర్44, ఎస్‌ఆర్44 సైజు ఒకటే. మొదటిది ఆల్కలైన్, వాడేకొద్దీ వోల్టేజ్ దిగుతుంది. రెండోది సిల్వర్ ఆక్సైడ్, 1.55 వోల్టులు చివరిదాకా నిలుపుతుంది. మందం కొలిచే డిజిటల్ కాలిపర్ లాంటి పరికరాల్లో రెండోదే వేయండి.

సీఆర్ అంటే 3 వోల్టుల లిథియం సెల్. మొదటి రెండు అంకెలు వెడల్పు, చివరి రెండు మందం. 2032 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. 2025 పలుచన, సరిగా ఆనదు, శక్తి కూడా తక్కువ. రెండు 2016 సెల్స్ ఒకదాని మీద ఒకటి పెడితే మందం సరిగ్గా 2032 అంతే అవుతుంది, కానీ వోల్టేజ్ 6 అవుతుంది. ఆ పని ఎన్నడూ చేయకండి. ఎల్‌ఐఆర్2032 అనేది రీఛార్జబుల్, వోల్టేజ్ ఎక్కువ, సామర్థ్యం చాలా తక్కువ, కాబట్టి బదులుగా వాడటానికి కుదరదు.

పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చేదు పూత పూసిన సెల్స్ కూడా ఉన్నాయి. మంచి ఆలోచనే. కొన్ని పరికరాల్లో ఆ పూత వల్ల కరెంట్ అందదు, కొత్త సెల్ వేసినా పనిచేయకపోతే ఒకసారి పూత లేనిది వేసి చూడండి.

పిల్లవాడు బటన్ సెల్ మింగాడేమో అని అనుమానం. ఏం చేయాలి?

అనుమానమైనా సరే, వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి. లక్షణాలు కనిపించేదాకా ఆగవద్దు. 20 మిల్లీమీటర్ల లిథియం సెల్ అన్నవాహికలో ఇరుక్కుంటే, తడికి కరెంట్ పారి అక్కడ గాఢమైన క్షారం పుడుతుంది. రెండు గంటల్లోనే తీవ్రంగా కాలిపోతుంది. వస్తువులో వాడి తీసేసిన సెల్ కూడా ఇంత హానీ చేయగలదు. వాంతి చేయించకండి. ముక్కులో, చెవిలో దూర్చుకున్నా అత్యవసరమే.

అమెరికాలోని నేషనల్ క్యాపిటల్ పాయిజన్ సెంటర్ మార్గదర్శకం ప్రకారం, ఏడాది దాటిన బిడ్డ మింగగలిగే స్థితిలో ఉండి, మింగి 12 గంటలు కాకపోతే, దారిలో పది నిమిషాలకోసారి రెండు టీ స్పూన్ల తేనె ఇవ్వొచ్చు, మొత్తం ఆరుసార్లకు మించకుండా. అది దెబ్బను కొంత తగ్గిస్తుంది. తేనె కోసం వెతుకుతూ మాత్రం ఆలస్యం చేయకండి, తేనె తప్ప మరేమీ తినిపించకండి, తాగించకండి.

బటన్ సెల్ మూతకు స్క్రూ లేని బొమ్మ, దీపం, పాటలు పాడే కార్డు చిన్నపిల్లలున్న ఇంట్లో ఉండకూడదు.

వినికిడి యంత్రం సెల్‌కు స్టిక్కర్ ఎందుకు ఉంటుంది?

అది జింక్ ఎయిర్ సెల్, గాలిలోని ఆక్సిజన్‌తో నడుస్తుంది. స్టిక్కర్ తీశాక ఒక నిమిషం ఆగి యంత్రంలో పెడితే గాలి సరిగా చేరుతుంది. ఒకసారి తీసిన తర్వాత వాడినా వాడకపోయినా కొన్ని వారాల్లో అయిపోతుంది. అవసరమైనప్పుడే స్టిక్కర్ తీయండి.

అయిపోయినవి ఎక్కడ పారేయాలి?

మీ దగ్గర బ్యాటరీలు విడిగా సేకరించే చోటు ఉంటే అన్నీ అక్కడే ఇవ్వండి. మామూలు చెత్తలో అసలు కలపకూడనివి లిథియం అయాన్, లిథియం బటన్ సెల్స్, నికెల్ కాడ్మియం. మొదటి రెండూ చెత్త బండిలో నలిగితే మంటలు పుట్టిస్తాయి, కాడ్మియం విషం. ఇచ్చేదాకా కొనల మీద టేపు వేసి, పిల్లలకు అందని చోట ఒక డబ్బాలో పెట్టండి. ఉబ్బిన లిథియం బ్యాటరీని మాత్రం మిగతావాటితో కలపకండి, పొడవకండి, నొక్కకండి. మంట అంటుకునే వస్తువులకు దూరంగా విడిగా ఉంచి, వీలైనంత త్వరగా సేకరణ కేంద్రానికి చేర్చండి.